చిన్న దాణా మిల్లుకు కొత్త నిబంధనలు: ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

చిన్నమిల్లు_పల్నాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలో మాకు చిన్న పశు దాణా మిల్లు ఉంది. ఒక హ్యామర్ మిల్లు, ఒక మిక్సరుతో మా నాన్నగారు మొదలుపెట్టారు. పెల్లెట్ మిల్లు నేను వచ్చాక పెట్టించాను. ఇప్పుడు రోజుకు ఏడెనిమిది టన్నులు తీస్తున్నాం. మొక్కజొన్న, నూనె తీసిన తవుడు, పత్తి చెక్క, కంది పొట్టు, మినప పొట్టు, బెల్లం మడ్డి, ఖనిజ మిశ్రమం మేము వాడే సరుకులు. చుట్టుపక్కల నాలుగు మండలాల పాడి రైతులు చాలా ఏళ్లుగా మా దాణానే కొంటున్నారు కాబట్టి బస్తా మీద మా ఊరి పేరు తప్ప మరో గుర్తు అవసరం పడలేదు.

ఇప్పుడు మూడు వైపుల నుంచి ఒకేసారి వచ్చి పడింది. పశు దాణా తయారీ, నాణ్యత, అమ్మకాల క్రమబద్ధీకరణకు మన రాష్ట్రంలో 2020లో చట్టం వచ్చినప్పటి నుంచి లైసెన్సు, రికార్డులు, నమూనాల తనిఖీ అంటున్నారు. పాలు, మాంసం ఇచ్చే పశువులకు అమ్మే దాణా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణానికి సరిపోవాలని, బస్తా మీద ఆ ముద్ర ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) గతంలో ఆదేశాలు ఇచ్చిందని మా ఆడిటరు గారు గుర్తు చేశారు. ఈ రెండింటినీ మేము కొంత తేలికగానే తీసుకున్నాం. మూడోది అలా తీసుకోలేనిది. గత వానాకాలంలో మా రైతులు పాలు పోసే ఒక సేకరణ కేంద్రంలో పాలలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఎక్కువగా వచ్చిందట. మా దాణా వాడవద్దని ఆ డెయిరీ వారు రైతులకు చెప్పేశారు. మా సరుకు నమూనా వారు తీయలేదు, మేమూ దాచి ఉంచుకోలేదు. తప్పు మాదేనని వారు నిరూపించలేదు, కాదని నేనూ నిరూపించలేకపోయాను. నలభై రోజులు అమ్మకం సగానికి పడిపోయింది.

ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయవచ్చు? మా స్థాయి మిల్లుకు సొంత ప్రయోగశాల సాధ్యమేనా? విషాన్ని పట్టి ఉంచే టాక్సిన్ బైండరు కలిపేస్తే ఈ బెడద తీరిపోతుందని ఒక మందుల ప్రతినిధి అంటున్నారు, అది నిజమేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

విశ్రాంత_పశుపోషణ

చిన్నమిల్లు గారికి నమస్కారం. చాలా ఏళ్లు పశుపోషణ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు అర్థమైతే మొదటి రెండింటికీ దారి దానంతట అదే కనిపిస్తుంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలల్లో చనిపోయాయి. ఏ రోగమో తెలియక దానికి ‘టర్కీ ఎక్స్’ అని పేరు పెట్టారు. ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్కలో పెరిగిన బూజు వల్ల పుట్టిన విషం అని తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ బూజు పేరు నుంచే అఫ్లటాక్సిన్ అన్న మాట వచ్చింది. అంటే ఈ శాస్త్రం పుట్టిందే దాణా బస్తాలో. నిబంధనలు ఆలస్యంగా వచ్చాయి కానీ సమస్య కొత్తది కాదు.

పశువుల దాణాకు బీఐఎస్ ఇచ్చిన ప్రమాణం ఐఎస్ 2052. అందులో బీ1 అనే రకం అఫ్లటాక్సిన్ కిలోకు 20 మైక్రోగ్రాములు (అంటే 20 పీపీబీ) మించకూడదు. మీ రోజువారీ భాషలో చెప్పాలంటే ఒక టన్ను దాణాలో 20 మిల్లీగ్రాములు, అంటే చిటికెడు ఉప్పు కన్నా తక్కువ. ఆవు గానీ గేదె గానీ బీ1ను తిన్నాక కాలేయం దానిని ఎం1గా మార్చి, అందులో కొంత భాగాన్ని పాలలోకి వదులుతుంది. సాధారణంగా తిన్నదానిలో నూటికి ఒకటి నుంచి ఆరు వంతుల వరకు పాలలోకి వస్తుంది. ఎక్కువ పాలిచ్చే పశువులలో ఈ వాటా ఎక్కువ. పాలలో ఎం1 కిలోకు 0.5 మైక్రోగ్రాము మించకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ హద్దు.

కాగితం తీసుకుని లెక్క వేయండి. పది లీటర్ల పాలిచ్చే పశువు రోజుకు ఆరు కిలోల దాణా తింటుంది అనుకుందాం. దాణాలో సరిగ్గా 20 పీపీబీ ఉంటే కడుపులోకి పోయేది 120 మైక్రోగ్రాములు. నూటికి రెండు వంతులు పాలలోకి వచ్చినా లీటరుకు 0.24 మాత్రమే, హద్దు లోపలే. అదే దాణాలో 60 పీపీబీ ఉంటే లీటరుకు 0.72 వస్తుంది, పాలు చెడిపోయినట్లే లెక్క. హద్దుకు కాస్త ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకునే వీలు లేనిది ఇందుకే. ఐరోపాలో పాలకు హద్దు 0.05 మాత్రమే కాబట్టి అక్కడ పాడిపశువుల దాణాకు 5 పీపీబీ దాటనివ్వరు.

ఇక బైండరు సంగతి. బెంటొనైట్ వంటి మట్టి ఖనిజాలు అఫ్లటాక్సిన్‌ను పేగుల్లో పట్టుకుని పేడలోకి పంపిస్తాయన్నది నిజమే, పాలలో ఎం1 తగ్గుతుందన్నదీ నిజమే. కానీ మీ దాణా నమూనాను ప్రయోగశాలలో పరీక్షిస్తే బీ1 ఉన్నంతా అక్కడ కనిపిస్తుంది. బైండరు వేసినందుకు ఆ అంకె చిన్నది కాదు. ప్రమాణం చూసేది ఆ అంకెనే. వర్షాకాలంలో అదనపు రక్షణగా బైండరు వాడండి, కానీ బూజు పట్టిన మొక్కజొన్న కొనడానికి దానిని అనుమతి పత్రంగా చేసుకోవద్దు. పెల్లెట్ వేడికి విషం చచ్చిపోతుందని చాలామంది నమ్ముతారు. పెల్లెట్ మిల్లులో 80 డిగ్రీల చుట్టూ వేడి ఉంటుంది. అఫ్లటాక్సిన్ విడిపోవడానికి 200 డిగ్రీలు దాటాలి. బూజు చస్తుంది, విషం మిగులుతుంది.

ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు పరీక్షించినప్పుడు 368 నమూనాల్లో, అంటే నూటికి 5.7 వంతుల్లో, ఎం1 హద్దు దాటింది. యూరియా, నీళ్లు అని మనం చర్చించుకునే కల్తీ కన్నా దాణా ద్వారా వచ్చే ఈ విషమే పెద్ద సమస్య అని ఆ సర్వే తరువాతే అందరికీ తెలిసింది. డెయిరీలు మీ గుమ్మం దాకా రావడానికి మూలం అక్కడుంది. అయితే, మీ దాణాను పరీక్షించకుండా మీదే తప్పని చెప్పడం మాత్రం న్యాయం కాదు. తడిసిన వరిగడ్డి నుంచి, రైతు సొంతంగా నానబెట్టి పెట్టే తెలగపిండి నుంచి కూడా ఎం1 రావచ్చు.

గోదావరి_దాణా

పెద్దాయన శాస్త్రం చెప్పారు కాబట్టి నేను మిల్లు గేటు దగ్గర జరిగే సంగతులు చెబుతాను. మాది రోజుకు పన్నెండు టన్నుల మిల్లు. ఐఎస్ఐ ముద్రకు, అంటే బీఐఎస్ ముద్రకు, లైసెన్సు తెచ్చుకున్నాం. మీరు అడిగిన వరుసక్రమంలో నా అభిప్రాయం ఏమిటంటే, దరఖాస్తు నింపడం చివరి పని. లోడు దించుకునే చోట పద్ధతి మార్చడం మొదటి పని. నేను దీనిని తలకిందులుగా చేసి ఒక ఏడాది పోగొట్టుకున్నాను. కన్సల్టెంటును పెట్టుకుని ఫైళ్లన్నీ తయారు చేయించాను, తీరా మా సొంత నమూనాలే ప్రమాణానికి నిలబడలేదు.

మొక్కజొన్న లారీ వచ్చినప్పుడు మా గుమాస్తా పై బస్తా మూతి విప్పి, గుప్పెడు గింజలు అరచేతిలో వేసుకుని, ఒక గింజను పంటితో కొరికి, ‘ఎండిందే’ అని దించుకోమనేవాడు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, తేమ విషయంలో చాలాసార్లు అతని మాటే నిజమయ్యేది. కానీ అఫ్లటాక్సిన్ లారీ అంతా సమానంగా ఉండదు. వేల గింజల్లో ఏ కొద్ది గింజల్లోనో గుట్టగా ఉంటుంది. గుప్పెడులో ఆ గింజ పడితే లోడంతా విషమనిపిస్తుంది, పడకపోతే లోడంతా శుభ్రమనిపిస్తుంది. అందుకని ఇప్పుడు లారీలో ముందు, మధ్య, వెనక, పైన, అడుగున ఉన్న పాతిక ముప్పై బస్తాల్లో గొట్టం గుచ్చి తీసి, అంతా ఒకచోట పోసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి రెండు వదిలేసి, మళ్లీ కలిపి, చివరికి ఐదు కిలోల నమూనా చేస్తాం. దానిని మొత్తం పిండి చేశాకే పరీక్షకు కొంచెం తీస్తాం. గింజలుగా ఉన్నప్పుడే కొంచెం తీస్తే మళ్లీ మొదటి కథే. మొదట్లో హమాలీలు విసుక్కున్నారు. లోడుకు అరగంట ఆలస్యానికి అదనంగా కూలి కట్టించాను, విసుగు పోయింది.

తేమ మీటరు ముందుగా కొనండి. మొక్కజొన్నలో 13 శాతం దాటితే నేను దించుకోను, లేదా ఆరబెట్టే ఖర్చు తగ్గించి కొంటాను. తయారైన దాణాలో తేమ 11 శాతం మించకూడదని ప్రమాణం చెబుతోంది. బెల్లం మడ్డి, ఆవిరి కలిసాక సరిగ్గా చల్లారకుండా బస్తాల్లో పోస్తే ఆ హద్దు సునాయాసంగా దాటిపోతుంది. మా దగ్గర వచ్చిన మొదటి వైఫల్యం ముడిసరుకుది కాదు, కూలరుది. రాత్రి షిఫ్టులో తొందరపడి వేడి పెల్లెట్లను కుట్టేసేవారు. తెల్లవారేసరికి బస్తా లోపలి అంచున చెమట పట్టి, వారానికి అదే చోట పచ్చటి బూజు గీత కనిపించేది. బూజు ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే మీ పాత నిల్వలో గోడకు ఆనించిన బస్తాలను తిప్పి చూడండి.

ప్రయోగశాల విషయానికి వస్తే, బీఐఎస్ వారి తనిఖీ పథకంలో మిల్లులోనే చేయవలసిన పరీక్షలు కొన్ని ఉంటాయి: తేమ, మాంసకృత్తులు, కొవ్వు, పీచు, ఆమ్లంలో కరగని బూడిద వంటివి. రసాయన శాస్త్రం చదివిన ఒక అమ్మాయిని పెట్టుకున్నాం. ఒక గది, మాంసకృత్తులు లెక్కగట్టే జెల్డాల్ పరికరం, ఓవెన్, ఫర్నేసు, తూనిక అంతే. అఫ్లటాక్సిన్‌కు గేటు దగ్గర స్ట్రిప్ పరీక్ష చేస్తాం, నెలకోసారి నమూనాను గుర్తింపు ఉన్న బయటి ప్రయోగశాలకు హెచ్‌పీఎల్‌సీ అనే కచ్చితమైన యంత్ర పరీక్షకు పంపిస్తాం. స్ట్రిప్ చెప్పే దానికీ ఆ ప్రయోగశాల అంకెకూ తేడా ఉంటుంది. నేను గేటు దగ్గర 20 దాకా ఆగను, 15 దాటితేనే లోడు వెనక్కి పంపిస్తాను. దరఖాస్తు బీఐఎస్ వారి వెబ్‌సైటు మానక్ ఆన్‌లైన్‌లో పెట్టాలి. సూక్ష్మ పరిశ్రమగా ఉద్యమ్ నమోదు ఉంటే ముద్ర రుసుములో రాయితీ ఉంటుంది, ముందే చేయించుకోండి.

మాంసకృత్తుల గురించి ఒక హెచ్చరిక. జెల్డాల్ పరీక్ష కొలిచేది నత్రజనిని, మాంసకృత్తిని కాదు. టన్నుకు పది కిలోల యూరియా పడితే దాదాపు 2.9 శాతం మాంసకృత్తి పెరిగినట్లు కనిపిస్తుంది. తవుడులోనూ చెక్కలోనూ ముందుగానే యూరియా కలిపి అమ్మేవారున్నారు. దాణాలో యూరియా ఒక శాతం మించకూడదు కదా. మీరు ఒక్క గింజ వేయకపోయినా మీ నమూనా అక్కడ దొరికిపోవచ్చు. పత్తి చెక్క కొన్నప్పుడు యూరియా పరీక్ష విడిగా చేయించండి.

పాడి_మదనపల్లె

నేను దాణా కొనేవాడిని, తయారు చేసేవాడిని కాను. ఎనిమిది హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవులున్నాయి. మిల్లుల వారి కష్టం అర్థమవుతోంది కానీ ఇక్కడ ఎవరూ ప్రస్తావించని ఒక సంగతి చెప్పాలి. మిల్లు నుంచి మంచి దాణాయే బయలుదేరి, డీలరు కొట్టు వెనక రేకుల షెడ్డులో నేల మీద రెండు నెలలు పడి ఉండి, ఆ తరువాత నా దగ్గరికి వస్తుంది. నేను కూడా చాలాకాలం బస్తాను పశువుల పాకలోనే, నీళ్ల తొట్టి పక్కన పెట్టుకున్నాను. బస్తా మీద బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, ఎంతకాలంలోపు వాడాలో తెలుగులో, చెరిగిపోని సిరాతో ఉంటే కనీసం నేను డీలరును నిలదీయగలను. గత ఏడాది కొన్న బస్తాల మీద తేదీ స్టాంపు చేత్తో తుడిస్తే పోయింది.

ధర గురించి కూడా నిజాయతీగా చెబుతాను. కిలోకు రూపాయి, రూపాయిన్నర పెరిగితే రైతులు గొణుగుతారు. కానీ ఎం1 వచ్చిందని పాల కేంద్రం మూడు రోజులు మా ఊరి పాలు తీసుకోకపోతే పోయేది అంతకన్నా చాలా ఎక్కువ. పరీక్ష నివేదిక కాగితాన్ని డీలరు కొట్టులో అంటించండి, కొనేవారు ఉంటారు.

విశ్రాంత_పశుపోషణ

మదనపల్లె వారు చెప్పినది అక్షరాలా నిజం. ఇంకొక మాట చేరుస్తాను. దాణా మార్చేసిన తరువాత మూడు నాలుగు రోజుల్లో పాలలో ఎం1 దాదాపుగా పోతుంది. కాబట్టి అనుమానం వచ్చిన రోజే బస్తా మార్చి, నాలుగో రోజు పాలు మళ్లీ పరీక్షిస్తే కారణం దాణాయా, గడ్డా అన్నది చాలావరకు తేలుతుంది. చిన్నమిల్లు గారి విషయంలో ఎవరైనా ఈ పని చేసి ఉంటే నలభై రోజుల నష్టం ఉండేది కాదు.

ఖనిజ మిశ్రమం అమ్మేవారిని డైకాల్షియం ఫాస్ఫేట్ రాతి నుంచి తీసినదా, ఎముకల నుంచి తీసినదా అని రాతపూర్వకంగా అడగండి. పాడిపశువుల దాణాలో మాంసం, ఎముకల పొడి నిషిద్ధం. బ్రిటన్‌లో పిచ్చి ఆవు వ్యాధి పశువుల శవాల పొడిని పశువులకే పెట్టడం వల్ల వ్యాపించింది. 1988లో అక్కడ దానిని నిషేధించారు. మీరు కోళ్ల దాణా కూడా తీయాలనుకుంటే, కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహార పశువులకు, దాణా అనుబంధాలకు వాడకుండా 2019 జులైలో కేంద్రం నిషేధించిందని, పాత ప్రీమిక్సు సూత్రాలను ఒకసారి సరిచూసుకోవాలని గుర్తుంచుకోండి.

అయోవా_తెలుగు

నేను అమెరికాలోని అయోవాలో ఒక దాణా కర్మాగారంలో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ 2011లో ఆహార భద్రతా ఆధునికీకరణ చట్టం వచ్చింది, దాణాకు సంబంధించిన నియమం 2015 సెప్టెంబరులో వెలువడింది. చిన్న మిల్లులకు ఎక్కువ గడువు ఇచ్చారు. అప్పుడు ఇక్కడి చిన్న మిల్లుల వారి నోట విన్న మాటలు, మీరు రాసిన మాటలు దాదాపు ఒకటే.

ఆ నియమం అడిగిన ముఖ్యమైన పని, మీ మిల్లులో ఏ సరుకు వల్ల ఏ ప్రమాదం రాగలదో మీరే రాసుకోవడం. మీకు ఉన్న సరుకులు ఏడే కాబట్టి అది ఒక పేజీ దాటదు. మొక్కజొన్నకు, పత్తి చెక్కకు ఎదురుగా అఫ్లటాక్సిన్, తవుడుకు ఎదురుగా యూరియా, ఇసుక అని రాసి, ప్రతిదానికీ ఎవరు, ఎక్కడ, ఏ హద్దుతో ఆపుతారో పక్కన రాయండి. ఇక్కడ ఆ రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలి. పాడిపశువుల దాణాకు ఇక్కడి హద్దు కూడా 20 పీపీబీయే, పాలకు కూడా 0.5 యే.

మీ సరుకుల్లో డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) లేదు కానీ, ఇథనాల్ కర్మాగారాలు పెరిగాక అది చవకగా దొరికి మీరు కూడా కొనవచ్చు. మొక్కజొన్నలోని పిండిపదార్థం సారాయిగా పోయి మిగిలినదే అది కాబట్టి, గింజలో ఉన్న విషం అందులో దాదాపు మూడింతలవుతుంది. పది పీపీబీ ఉన్న మొక్కజొన్న నుంచి ముప్పై పీపీబీ డీడీజీఎస్ వస్తుంది. దానిని చూడగానే మాంసకృత్తి శాతం ఒక్కటే అడగడం అలవాటు. అఫ్లటాక్సిన్ నివేదిక లేని లోడును ఇక్కడ మేము గేటు దాటనివ్వము.

చిన్నమిల్లు_పల్నాడు

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం తేమ మీటరు తెప్పించాను. గోదాములో గోడవైపు బస్తాలను తిప్పి చూస్తే గోదావరి గారు చెప్పిన పచ్చ గీత పదకొండు బస్తాలకు కనిపించింది. నా మనసుకు చాలా కష్టం అనిపించింది, ఎందుకంటే నేను ఇన్నాళ్లూ మా దాణాలో ఏ లోపమూ లేదనే వాదించాను.

ఒక్క సందేహం మిగిలింది. స్ట్రిప్ పరీక్షలో ఒక లోడు 34 వచ్చిందనుకోండి, అప్పటికే వ్యాపారికి సగం డబ్బు కట్టేసి ఉంటాను. దానిని మంచి సరుకుతో కలిపి 20 లోపుకు తెచ్చుకోవచ్చునా?

గోదావరి_దాణా

కలపవద్దు. అమెరికాలో అలా ఉద్దేశపూర్వకంగా కలపడం సాధారణంగా నిషిద్ధం. ఇక్కడ ఎవరూ పట్టుకోకపోయినా, సమానంగా కలవని విషం ఏదో ఒక బస్తాలో గుట్టగా మిగిలిపోతుంది. నమూనా తీసే అధికారి చేతికి ఆ బస్తాయే దొరకడం మీ అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

డబ్బు కట్టే పద్ధతి మార్చండి. మా వ్యాపారులతో ఒక పేజీ ఒప్పందం రాయించుకున్నాను: దించడానికి ముందు మా గేటు వద్ద తేమ, అఫ్లటాక్సిన్ పరీక్ష, హద్దు దాటితే లారీ కిరాయి వారిదే, డబ్బు పరీక్ష తరువాతే. ఇద్దరు వ్యాపారులు ఒప్పుకోలేదు, వారిని వదులుకున్నాను. మిగిలిన నలుగురు ఇప్పుడు నా కన్నా ముందే కల్లం దగ్గర తేమ చూసుకుని పంపిస్తున్నారు. అలాగే ప్రతి బ్యాచి నుంచి అర కిలో దాణా తీసి, గాలి చొరని డబ్బాలో సీలు వేసి, బ్యాచి సంఖ్య, తేదీ రాసి, ఆ సరుకు గడువు తీరాక మరో నెల వరకు చల్లటి చోట దాచండి. రేపు మళ్లీ ఏ డెయిరీ అయినా వేలు చూపిస్తే ఆ డబ్బాను వారి ఎదుటే తెరవవచ్చు. పదకొండు బస్తాలను మాత్రం ఎవరికీ, గొడ్డుకు కూడా, పెట్టకండి. గొయ్యి తీసి పూడ్చేసి, రికార్డులో అదే మాట రాసుకోండి.